'కాల్డ్' పక్కన 'యాజ్' ఎందుకు వద్దు? పేరు పెట్టే క్రియలతో మన తంటా



గ్రూప్-1కు చదువుతున్న ఒక తమ్ముడు గత వారం తన జవాబు పత్రం దిద్దమని ఇచ్చాడు. ప్రశ్న సహకార సమాఖ్య విధానం మీద. విషయం బాగుంది. ఆర్థిక సంఘం, జీఎస్టీ మండలి, అంతర్రాష్ట్ర మండలి అన్నీ వచ్చాయి. కానీ రెండున్నర పేజీల్లో 'కాల్డ్ యాజ్' ఆరుసార్లు, 'రిఫర్డ్ యాజ్' రెండుసార్లు, 'రీనేమ్డ్ యాజ్' ఒకసారి కనిపించాయి. తొమ్మిదింటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. పత్రం చూసుకుని అతను అడిగిన మాట ఇది: "అన్నా, ఇంగ్లిష్ మీడియం వాళ్లతో పోటీ పడాలంటే మళ్లీ ఆరో తరగతి గ్రామర్ నుంచి మొదలుపెట్టాలా?"

అక్కర్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లను ఈ చిన్న 'యాజ్' ఎంత బెదిరిస్తోందో నాకు తెలుసు, నేనూ ఆ దారిలోనే వచ్చాను. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇది ఇంగ్లిష్ రాకపోవడం వల్ల వచ్చే తప్పు కాదు. తెలుగు వాక్యాన్ని మాటకు మాట ఇంగ్లిష్‌లో పెట్టడం వల్ల వచ్చే తప్పు. ఎక్కడ పుడుతోందో అర్థమైతే ఒక మధ్యాహ్నంలో పోతుంది. క్రియల పట్టిక బట్టీ పడితే మాత్రం పరీక్ష హాల్లో మళ్లీ తిరిగొస్తుంది.

తప్పు ఎక్కడ పుడుతోంది?

"టంగుటూరి ప్రకాశం గారిని ఆంధ్రకేసరి అని పిలుస్తారు." ఈ వాక్యంలో 'అని' తీసేసి చూడండి. "ప్రకాశం గారిని ఆంధ్రకేసరి పిలుస్తారు" అంటే అర్థమే మారిపోతుంది, ఆంధ్రకేసరి అనే ఎవరో ఆయన్ని పిలుస్తున్నట్టు వినిపిస్తుంది. తెలుగులో పేరును క్రియకు కట్టే తాడు ఆ 'అని'. అది లేకుండా వాక్యం నిలబడదు.

ఇంగ్లిష్‌లో ఆ పని చేసేది మాట కాదు, స్థానం. 'కాల్' తర్వాత మొదట మనిషి, ఆ వెంటనే పేరు. 'పీపుల్ కాల్డ్ హిమ్ ఆంధ్రకేసరి.' పక్కపక్కన పెడితే చాలు, రెండూ ఒకటేనని ఆ భాష అర్థం చేసుకుంటుంది. మనకేమో ఆ ఖాళీ వెలితిగా అనిపిస్తుంది. 'అని' ఉండాల్సిన చోట ఏదో ఒకటి పెట్టాలనిపించి 'యాజ్' పెడతాం.

దీనికి మన పోటీ పరీక్షల పుస్తకాలు ఇంకో ముడి వేశాయి. "ఆంధ్రకేసరిగా పిలుస్తారు", "రాష్ట్రపతిని ప్రథమ పౌరుడిగా పిలుస్తారు" లాంటి వాక్యాలు మన గైడ్లలో పేజీకి నాలుగైనా ఉంటాయి. మన ఇళ్లలో ఎవరైనా "వాణ్ని చిన్నోడుగా పిలుస్తాం" అంటారా? "చిన్నోడు అని పిలుస్తాం", లేదంటే "చిన్నోడంటాం" అంటారు. 'గా' అలవాటైన చెయ్యి ఇంగ్లిష్‌లోకి వెళ్లగానే 'యాజ్' రాస్తుంది. అందుకే ఆ తమ్ముడికి మొదట చెప్పింది ఇదే: నీ ఇంగ్లిష్ దిద్దుకోవాలంటే ముందు నీ నోట్సులోని తెలుగు దిద్దుకో.

ఇంకో ఆనవాలు ప్రశ్నలో దొరుకుతుంది. కొత్త వస్తువు చూస్తే మనం "దీన్ని ఏమంటారు?" అని అడుగుతాం. "దీన్ని ఎలా అంటారు?" అని అడగం. ఇంగ్లిష్ కూడా అంతే: 'వాట్ ఈజ్ దిస్ కాల్డ్?' 'హౌ' కాదు. ప్రశ్నలో 'ఏమి' అయినప్పుడు జవాబులో నేరుగా పేరు వస్తుంది, మధ్యలో ఏమీ రాదు.

పాలిటీ పుస్తకంలోనే సాక్ష్యం

గ్రామర్ పుస్తకం తీయకండి. మీ బల్ల మీద రాజ్యాంగం ప్రతి ఉంటుంది, అది తీయండి. 393వ అధికరణం చూడండి. అందరూ దాటేసి వెళ్లే అధికరణం ఇది. రాజ్యాంగానికి పేరు పెట్టేది ఇదే. 1950 జనవరి 26 వరకు ఆగకుండా, 394వ అధికరణం ప్రకారం 1949 నవంబర్ 26నే అమల్లోకి వచ్చిన కొద్ది అధికరణాల్లో ఇదొకటి. అందులో 'మే బి కాల్డ్' తర్వాత నేరుగా 'ది కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియా' అని వస్తుంది. మధ్యలో 'యాజ్' లేదు. 2005 సమాచార హక్కు చట్టం మొదటి సెక్షన్ చూడండి, అక్కడా 'మే బి కాల్డ్' వెంటనే చట్టం పేరు. మన చట్టాల మొదటి సెక్షన్లు ఎన్ని తిరగేసినా ఇదే అచ్చు కనిపిస్తుంది.

ఇప్పుడు 79వ అధికరణం తీయండి. పార్లమెంటు రెండు సభల పేర్లు చెప్పేది. అక్కడ వాడిన క్రియ 'నోన్'. దాని వెంట 'యాజ్' ఉంది. 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 3వ సెక్షన్‌లో తెలంగాణ రాష్ట్రం పేరు వచ్చే చోట కూడా 'టు బి నోన్ యాజ్' అనే ఉంది.

'కాల్డ్' అయితే 'యాజ్' లేదు, 'నోన్' అయితే ఉంది. రెండూ పేరు చెప్పేవే కదా, మరి తేడా ఎందుకు? ఇది పట్టుకుంటే మిగిలినదంతా సులువు.

రెండు రకాల క్రియలు

కొన్ని క్రియలు పని జరిపిస్తాయి. పేరు పెడతాయి, పదవి ఇస్తాయి, హోదా కట్టబెడతాయి. పేరు పెట్టకముందు ఆ పేరు లేదు, పెట్టాక ఉంది. ఎన్నుకోకముందు ఆయన రాష్ట్రపతి కాదు, ఎన్నుకున్నాక రాష్ట్రపతి. ఇలాంటి క్రియల వెంట ఇంగ్లిష్ ఫలితాన్ని నేరుగా పెడుతుంది. కాల్, నేమ్, రీనేమ్, టర్మ్, డబ్, ఎలెక్ట్, డిక్లేర్ ఈ గుంపు.

నీలం సంజీవరెడ్డి 1977లో 'వాజ్ ఎలెక్టెడ్ ప్రెసిడెంట్'. 'ఎలెక్టెడ్ యాజ్ ఎ ప్రెసిడెంట్' అని రాయకండి. అక్కడ 'యాజ్' అవసరం లేదు, ఒక్కరే ఉండే పదవి కాబట్టి 'ఎ' కూడా రాదు. తెలుగు 2008లో 'వాజ్ డిక్లేర్డ్ ఎ క్లాసికల్ లాంగ్వేజ్'. ప్రాచీన భాషలు చాలా ఉన్నాయి, వాటిలో తెలుగు ఒకటి కాబట్టి ఇక్కడ 'ఎ' ఉంటుంది. మద్రాసు రాష్ట్రం 1969లో 'వాజ్ రీనేమ్డ్ తమిళనాడు'. ఒరిస్సా 2011లో 'వాజ్ రీనేమ్డ్ ఒడిశా'.

రెండో రకం క్రియలు పేరు పెట్టవు. ఒక వస్తువును ఎలా చూస్తున్నామో, ఎలా ఎరుగుదుమో, ఎలా వర్ణిస్తున్నామో చెబుతాయి. 'నో' అంటే ఎరగడం. ఆ మాటలో పేరు పెట్టడం అనే అర్థం లేదు, కాబట్టి పేరును మోయడానికి 'యాజ్' కావాలి. రిగార్డ్, డిస్క్రైబ్, డిఫైన్, క్లాసిఫై, రికగ్నైజ్, ట్రీట్, సీ, వ్యూ, హెయిల్ ఈ గుంపు. సర్దార్ పటేల్ 'ఈజ్ రిగార్డెడ్ యాజ్' సంస్థానాల విలీన శిల్పి. ఇక్కడ 'యాజ్' తీసేస్తే అదీ తప్పే. 'కాల్డ్ యాజ్' తప్పని విన్న రోజు నుంచి భయపడి అన్నిచోట్లా 'యాజ్' కొట్టేసేవాళ్లను చూశాను. ఒక తప్పు వదిలించుకోబోయి ఇంకో తప్పు తెచ్చుకోవద్దు.

కాబట్టి రాసేటప్పుడు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఒక్కటే: ఈ క్రియ పేరో పదవో ఇస్తోందా, లేక ఒక చూపును చెబుతోందా? ఇస్తుంటే నేరుగా. చూపు చెబుతుంటే 'యాజ్'తో.

తడబడే చోట్లు

భాష ఏ సూత్రానికీ పూర్తిగా లొంగదు. ఐదు చోట్లు విడిగా గుర్తుపెట్టుకోండి.

మొదటిది 'రిఫర్'. దీనికి రెండు మాటలూ కావాలి, 'టు' కూడా, 'యాజ్' కూడా. 'రిఫర్డ్ యాజ్' మన జవాబు పత్రాల్లో 'కాల్డ్ యాజ్' తర్వాత ఎక్కువగా కనిపించే తప్పు. ఇంట్లో పొలం దస్తావేజో అద్దె ఒప్పందమో ఇంగ్లిష్‌లో ఉంటే తీసి చూడండి. బాగా రాసిన దస్తావేజులో అమ్మినవారి పేరు తర్వాత 'హియర్‌ఇనాఫ్టర్ కాల్డ్ ది వెండర్' అని గానీ, 'హియర్‌ఇనాఫ్టర్ రిఫర్డ్ టు యాజ్ ది వెండర్' అని గానీ ఉంటుంది. ఈ రెండు అచ్చులూ మనసులో పడితే చాలు.

రెండోది 'కన్సిడర్'. ఇది చూపు చెప్పే క్రియే, అయినా 'యాజ్' లేకుండా రాయడమే ప్రమాణం. 'హి ఈజ్ కన్సిడర్డ్ ఎ రిఫార్మర్.' 'డీమ్' కూడా 'యాజ్' కోరదు. రాజ్యాంగం 341, 342 అధికరణాల్లో 'డీమ్డ్ టు బి' అని వాడింది. షెడ్యూల్డ్ కులాలు, తెగల గురించి రాసేటప్పుడు ఆ మాటనే వాడండి.

మూడోది 'నేమ్డ్ యాజ్'. పేరు పెట్టారనే అర్థంలో ఇది తప్పు. కానీ పేరు చేర్చారు, ఎంపికగా ప్రకటించారు అనే అర్థంలో సరైనదే. అభియోగ పత్రంలో ఒకరిని 'నేమ్డ్ యాజ్ యాన్ అక్యూజ్డ్' అంటే అతనికి ఎవరూ నామకరణం చేయలేదు, నిందితుల జాబితాలో పేరు చేర్చారు. ఇక ఒకరి పేరు మీద ఇంకోదానికి పేరు పెడితే 'నేమ్డ్ ఆఫ్టర్'. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారి పేరు మీద వచ్చింది. అక్కడ రాయాల్సింది 'నేమ్డ్ ఆఫ్టర్'.

నాలుగోది పదవుల దగ్గర. 'అపాయింట్' రెండు విధాలా నడుస్తుంది, 'యాజ్' ఉన్నా లేకున్నా తప్పు కాదు. కానీ 'స్వోర్న్ ఇన్'కు 'యాజ్' తప్పనిసరి. పీవీ నరసింహారావు 1991 జూన్‌లో 'వాజ్ స్వోర్న్ ఇన్ యాజ్ ప్రైమ్ మినిస్టర్'. ప్రమాణం చేయడం వేరు, పదవి వేరు. రెంటినీ కలపడానికి 'యాజ్' కావాలి.

ఐదోది 'లేబుల్'. దీనికీ రెండూ చెల్లుతాయి. ఇక్కడ ఆగి ఆలోచిస్తూ సమయం పోగొట్టుకోకండి.

"అందరూ ఇలాగే రాస్తున్నారు కదా?"

ఈ మాట మీరు తప్పక అంటారు. ఇంగ్లిష్ పత్రికల్లోనే 'టర్మ్డ్ యాజ్' కనిపిస్తుంది. కాలేజీల్లో 'ఇట్ ఈజ్ కాల్డ్ యాజ్' అని పాఠం చెబుతారు. భారతీయ ఇంగ్లిష్ అనేది ఒకటి ఉంది, దానికి తన పద్ధతులు ఉన్నాయి, ఇంకా దొరల ఇంగ్లిష్ ఎందుకు అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ వాదనలో బలముంది. 'ప్రీపోన్' లాంటి మాట మనవాళ్లకు అవసరమై పుట్టింది. అది మనకు పనికొస్తోంది. కానీ 'కాల్డ్ యాజ్' వల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. 'కాల్డ్' ఒక్కటే చెప్పే అర్థాన్నే రెండు మాటల్లో చెబుతోంది. పైగా మన చట్టాలు రాసినవాళ్లూ భారతీయులే, వాళ్ల కలానికి ఆ 'యాజ్' అవసరం రాలేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. "జీఎస్‌లో చూసేది విషయం, ఒక 'యాజ్' కోసం మార్కు పోతుందా?" పోతుందని మిమ్మల్ని నేను భయపెట్టను. విషయం లేని శుద్ధ వ్యాకరణం కంటే, ఒక 'యాజ్' ఎక్కువైనా విషయమున్న జవాబు నయం. కానీ మనకు భాషను మాత్రమే చూసే పేపర్ ఒకటి ఉంది. యూపీఎస్సీ మెయిన్స్‌లో 300 మార్కుల ఇంగ్లిష్ పేపర్‌లో 25 శాతం రాకపోతే మిగతా పేపర్ల మార్కులు లెక్కలోకి రావు. మన రెండు రాష్ట్రాల గ్రూప్-1లోనూ 150 మార్కుల ఇంగ్లిష్ పేపర్ అర్హత పరీక్షగా ఉంది. పదో తరగతి స్థాయి అనుకుని దాన్ని చివరి వారానికి వదిలేసేవాళ్లు ఎందరో. ర్యాంకు ఇవ్వకపోయినా అది తలుపు మూయగలదు.

మార్కులకు మించిన సంగతి

ఇప్పటివరకు చెప్పింది రూపం. నాకు దీనికంటే ముఖ్యమనిపించేది వేరే ఉంది. పేరు పెట్టే క్రియ సరిగా వాడటమంటే, ఆ పేరు ఎవరు పెట్టారో తెలిసి రాయడం.

1857ను తీసుకోండి. 'ది సిపాయ్ మ్యూటినీ బ్రోక్ అవుట్' అని రాస్తే తిరుగుబాటుకు పాలకులు పెట్టిన పేరును మీ పేరుగా ఒప్పుకున్నట్టు. 'బ్రిటిష్ రైటర్స్ కాల్డ్ ఇట్ ఎ మ్యూటినీ' అంటే పేరు వాళ్లది, మీరు దూరంగా నిలబడి చెబుతున్నారు. సావర్కర్ 1909 నాటి తన పుస్తకంలో దాన్ని స్వాతంత్ర్య యుద్ధం అన్నారు. 'సావర్కర్ కాల్డ్ ఇట్' అని మొదలుపెడితే ఆ అభిప్రాయం ఎవరిదో తేలిపోతుంది. ఎవరు ఏమన్నారో చెప్పాక మీరేమంటారో రాయడానికి చోటు దొరుకుతుంది.

స్టూవర్టుపురం పేరు ఇందాక వచ్చింది. ఎరుకల కుటుంబాలను అక్కడ స్థిరపరిచిన చరిత్ర వెనక క్రిమినల్ ట్రైబ్స్ చట్టం ఉంది. 1871లో మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చి, 1952లో రద్దయింది. ఆ చట్టం కొన్ని సమూహాల మీద పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. సామాజిక న్యాయం ప్రశ్నకు జవాబులో 'క్రిమినల్ ట్రైబ్స్ వర్ సెటిల్డ్ దేర్' అని ఒక్క ముక్కలో రాస్తే ఆ ముద్రను మీరు మళ్లీ వేసినట్టే. 'కమ్యూనిటీస్ దట్ ది యాక్ట్ డిక్లేర్డ్ క్రిమినల్' అని రాస్తే నేరం ఆ మనుషులది కాదు, ఆ ప్రకటన చట్టానిదని తెలుస్తుంది. రేపు మీరు రెవెన్యూలోనో పోలీసు శాఖలోనో కుర్చీలో కూర్చుని ఫైలు మీద నోటు రాసేటప్పుడు ఈ తేడా ఒక మనిషి జీవితం మీద పడుతుంది. ఒకరిని ఆక్రమణదారు అని రాయడం వేరు, ఫిర్యాదులో ఆక్రమణదారుగా పేర్కొన్న వ్యక్తి అని రాయడం వేరు.

ఇదే కోవలో ఒక పెద్ద ప్రమాదం 'సో-కాల్డ్'. 'అలా పిలవబడే' అనే అర్థంలో దీన్ని వాడేవాళ్లను చాలామందిని చూశాను. మహాత్ముడి గురించి గౌరవంగానే రాస్తూ 'ది సో-కాల్డ్ ఫాదర్ ఆఫ్ ది నేషన్' అని రాసిన వ్యాసం ఒకటి నా చేతికొచ్చింది. ఇంగ్లిష్‌లో ఆ మాట ఎక్కువగా వెటకారం. ఆ బిరుదుకు తగనివాడు అని ఎత్తిపొడవడం. రాసిన అమ్మాయికి చెబితే నోటి మీద చెయ్యి వేసుకుంది. అక్కడ 'యాజ్' ఎక్కువైతే నవ్వుకుని వదిలేస్తారు. 'సో-కాల్డ్' మాత్రం మీరు అనని మాట మీతో అనిపిస్తుంది. అది కనిపిస్తే కొట్టేసి 'ఆఫెన్ కాల్డ్' అని రాయండి.

ఈ ఆదివారం చేయాల్సిన పని

మీరు రాసిన పాత జవాబులు ఐదు తీయండి. ఇంగ్లిష్ మీడియం కాకపోతే ఇంగ్లిష్ పేపర్ కోసం రాసిన వ్యాసాలు తీయండి. 'యాజ్' ఉన్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీయండి. ముందున్న క్రియ పేరో పదవో ఇస్తోందా, చూపు చెబుతోందా అని ఒక్కోదాన్నీ అడగండి. ఇచ్చే క్రియ అయితే 'యాజ్' కొట్టేయండి. 'రిఫర్డ్' పక్కన 'టు' ఉందో లేదో చూడండి. ఆ తర్వాత రెండోసారి చదువుతూ ఇంకో ప్రశ్న అడగండి: ఈ పేరు ఎవరు పెట్టారు, నేను ఒప్పుకుంటున్నానా? తర్వాత మీ తెలుగు నోట్సులో 'గా పిలుస్తారు' ఉన్నచోటల్లా 'అని పిలుస్తారు' అనో 'అంటారు' అనో మార్చుకోండి. చదివిన ప్రతిసారీ సరైన వాక్యమే కంట్లో పడుతుంది.

ఆ తమ్ముడు నిన్న ఇంకో జవాబు పంపాడు. ఈసారి గవర్నర్ పాత్ర మీద. 'కాల్డ్ యాజ్' ఒక్కటీ లేదు. 'రిఫర్డ్ టు యాజ్' ఒకటి సరిగ్గా పడింది. చివర్లో మాత్రం 'కన్సిడర్డ్ యాజ్' దొర్లింది. దాని పక్కన ఎర్ర సున్నా పెట్టలేదు. చిన్న ప్రశ్నార్థకం పెట్టి తిరిగి పంపాను, తనే పట్టుకుంటాడని.